పాత పైపుల మీద తారు, సీసం రంగు, తెల్ల లగ్గింగ్: కాల్చకుండా తుక్కు చేయడం ఎలా?

అడిగిన తమ్ముడి మాట క్లుప్తంగా ఇది. హైదరాబాద్ కాటేదాన్‌లో చిన్న స్క్రాప్ గోదాం. మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ పాత పైపుల లాట్ బేరానికి వచ్చింది. కొన్నిటి మీద మందంగా నల్ల తారు, దానిపైన గుడ్డలాంటి చుట్టు. కొన్నిటికి ఎర్ర రంగు. ఆవిరి లైన్ల మీద తెల్లగా పిండికట్టులాంటిది, అదే లగ్గింగ్, వేడి పోకుండా వేసే కట్టు. ఫర్నేసువాళ్లు పూత ఉన్న మాల్ వద్దంటున్నారు. బాబాయేమో రాత్రిపూట టైర్లేసి కాల్చేస్తే తెల్లారేసరికి శుభ్రమైన ఇనుము మిగులుతుందంటూ టైర్లు కూడా తెచ్చిపెట్టారు. తక్కువ ఖర్చులో, ఎవరికీ ఏమీ కాకుండా తీసే దారి ఉందా అని ప్రశ్న.

ఉంది తమ్ముడూ. కానీ మూడింటికీ ఒకటే దారి కాదు. తారుని చల్లగా ఉన్నప్పుడు కొట్టి రాల్చాలి. రంగుని కోసేచోట మాత్రమే తడిపి గీకాలి, మిగతా దాని జోలికి పోవద్దు. తెల్ల లగ్గింగ్‌ని పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ముట్టుకోనే వద్దు. మూడింట్లో దేన్నీ కాల్చొద్దు.

ఇంకో మాట నువ్వు అడగలేదు, కానీ అసలు సంగతి అదే. ఈ పనిలో లాభమో నష్టమో సుత్తి పట్టుకున్నాక తేలదు, బేరం దగ్గరే తేలిపోతుంది. పూత బరువు, దాన్ని తీసే కూలి, తీసినదాన్ని పారేసే ఖర్చు, ఈ మూడూ లాట్ రేటులోంచి ముందే కొట్టేయాలి. లారీ నీ గేటు దాటి లోపలికి వచ్చిందంటే ఆ చెత్త నీది.

నేను పాతికేళ్లుగా జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో పైపింగ్ పని చేస్తున్నా. మొదట్లో లైన్లు వేయడమే పని, తర్వాత పీకడమే ఎక్కువైంది. ఇక్కడ రాసేవాటిలో సగం నేను తప్పు చేసి నేర్చుకున్నవే.

మొదటి తప్పు తారుతోనే. ఏప్రిల్ నెలలో పాత నీళ్ల లైను ఒకటి తవ్వి తీశాం. ఎండకి తారు మెత్తబడి సుత్తికి అంటుకుంటోంది, పెచ్చు ఊడట్లేదు. కుర్రాళ్లు చొక్కాలు విప్పి, నెత్తికి దస్తీలు కట్టుకుని గ్రైండర్‌కి వైర్ బ్రష్ బిగించి రుద్దారు. సాయంత్రానికి ముఖాలు, మెడలు, ముంజేతులు ఎర్రగా కమిలిపోయాయి. ఎండదెబ్బ అనుకున్నాం. మర్నాడు పొద్దున ఒకడికి కనురెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు. నీళ్లు పోసుకుంటుంటే నిప్పులు పోసినట్టు ఉందన్నాడు. అది ఉత్త ఎండ పని కాదు. బొగ్గు తారు దుమ్ము చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, తారులోని పదార్థాలు ఆ ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. నీడలో చేసినవాడికి ఏమీ కాలేదు. అదే తారు, అదే బ్రష్.

కమిలిన చర్మం వారంలో మానింది. బొగ్గు తారులో బెంజోపైరీన్ లాంటి పదార్థాలున్నాయి, అవి మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవే. ఆ లెక్క వారంలో తెలిసేది కాదు.

ముందు ఏ పూతో తేల్చుకో

నల్లగా ఉన్నదంతా ఒకటి కాదు. బొగ్గు తారు ఎనామిల్ వేరు, పెట్రోలియం బిటుమెన్ వేరు. ఎనామిల్ గట్టిగా, గాజులా పెళుసుగా ఉంటుంది. విరిగిన అంచు నిగనిగలాడుతుంది. కలరా ఉండల వాసన వస్తుంది. మన దగ్గర వాటిని డాంబర్ గోళీలు అని ఊరికే అనలేదు, నాఫ్తలీన్ తీసేది బొగ్గు తారులోంచే. వాసన వస్తుందని తెలిస్తే చాలు, ముక్కు దగ్గర పెట్టి పీల్చకు. తెల్ల గుడ్డకి కిరోసిన్ అద్ది రుద్దు. బిటుమెన్ అయితే గుడ్డ వెంటనే ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. బొగ్గు తారు అంత తేలిగ్గా కరగదు, పసుపు చాయ మరక పడుతుంది. ఇది అంచనాకి మాత్రమే. అనుమానం ఉంటే బొగ్గు తారే అనుకుని పని చెయ్యి.

తారు మీద గుడ్డలాంటి చుట్టు అన్నావు కదా, అక్కడే ఆగాలి. భూమిలో వేసే ఉక్కు పైపులకి తారు పోసి, లోపల ఫైబర్‌గ్లాస్ చుట్టి, పైన ఫెల్ట్ చుట్టడం పాత పద్ధతి. ఆ పై ఫెల్ట్ చాలా లైన్లలో ఆస్బెస్టాసే, అంటే ఊపిరితిత్తులని పాడుచేసే రాతినార. ఫైబర్‌గ్లాసో ఆస్బెస్టాసో కంటితో చెప్పలేం. నేనూ చెప్పలేను, చెప్పగలనన్నవాడిని నమ్మను.

ఎర్ర రంగు విషయంలో జనం ఎక్కువ గందరగోళపడతారు. మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇనుప ఆక్సైడు, ఇటుక రంగులో ఉంటుంది. పాత రెడ్ లెడ్ ప్రైమర్ నారింజ చాయలో, దేవుడి విగ్రహాలకి పూసే సిందూరంలా ఉంటుంది, అది సీసం. అయితే దాని మీద నాలుగు కోట్లు వేరే రంగులు వేసుంటే పైనుంచి చూసి ఏం తెలుస్తుంది? చాకుతో మూలకి గీసి పొరలు చూడు. పసుపుపచ్చ ప్రైమర్ కనిపిస్తే అది జింక్ క్రోమేట్ కావచ్చు, అదీ విషమే. 2016లో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదని కేంద్రం నియమం తెచ్చింది, అమలు మరుసటి ఏడాది నుంచి. అది ఇళ్లకి, అలంకారానికి వాడే రంగుల సంగతి. ఫ్యాక్టరీ పైపుల మీది పాత రంగుకి ఆ హామీ లేదు.

రాగి, ఇత్తడి కొనేవాళ్లు మాల్‌కి గన్ పెట్టి చూస్తారు కదా, అదే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్, ఎక్స్‌రేలతో లోహాన్ని గుర్తుపట్టేది. సీసం ఉందా లేదా దానితో నిమిషంలో తెలుస్తుంది. తెలిసిన షాపువాడిని అడిగి నాలుగు రంగు ముక్కలకి పెట్టించు. లోహాల మోడ్‌లో రంగు పొరకి వచ్చే అంకెని అక్షరాలా నమ్మకు. సీసం కనపడిందా లేదా, అంతే చూడు.

లగ్గింగ్‌కీ, తారు పైని చుట్టుకీ మాత్రం ల్యాబే దిక్కు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుల్లో ఆస్బెస్టాస్‌కి మైక్రోస్కోప్ పరీక్ష చేసేవాటిని వెతుకు. శాంపిల్‌ని కూడా ఫ్యాక్టరీ ఓనరు చేత తీయించి, రిపోర్టు తన పేరునే తెప్పించమను. తప్పనిసరై నువ్వే తీయాల్సొస్తే సరైన మాస్కు వేసుకుని, ఆ చోట సబ్బునీళ్లు స్ప్రే చేసి, బొటనవేలి గోరంత ముక్క తీసి, రెండు జిప్ కవర్లలో ఒకదాంట్లో ఒకటి పెట్టు. తీసిన చోట తడిపి టేపు వెయ్యి. లైను ఒక్కటే అయినా మరమ్మతులు వేర్వేరు ఏళ్లలో జరిగుంటాయి, కాబట్టి రెండు మూడు చోట్లనుంచి పంపు. ఆ ఫీజు చూసి వెనకాడకు, ఈ లాట్‌లో అంతకంటే లాభం తెచ్చే ఖర్చు ఇంకోటి లేదు.

తారు తీయడం

చుట్టులో ఆస్బెస్టాస్ లేదని రిపోర్టు వచ్చాకే ఇది. ఉందని వస్తే కింద లగ్గింగ్ గురించి రాసిందే దీనికీ వర్తిస్తుంది. తారులో ఇరుక్కున్న నార అంత తేలిగ్గా లేవదు, నిజమే. కానీ కొట్టి పొడి చేసినా, గ్రైండర్ పెట్టినా, కాల్చినా లేస్తుంది.

మేం డిసెంబర్, జనవరిలో చేస్తాం. పొద్దుగాల ఐదింటికి మొదలుపెట్టి, ఎండ ఎక్కేలోపు, తొమ్మిదికల్లా ఆపేస్తాం. రాత్రంతా బయట పడుకున్న పైపు చేత్తో పట్టుకుంటే జిల్లుమంటుంది, అప్పుడే తారు పెళుసు. కింద మందపాటి టార్పాలిన్ రెండు పొరలు, దాని మీద పైపుని చెక్క దిమ్మల పైన పెట్టాలి. పొడుగునా ఉలితో రెండు గాట్లు, పైన ఒకటి, కింద ఒకటి, ఇనుము తగిలేదాకా. తర్వాత అడ్డంగా మూరకి ఒక గాటు. ఇప్పుడు నీళ్లు చల్లి, చదును సుత్తితో గాటు పక్కన కొట్టాలి. గాటు మీద కాదు, పక్కన. తారు మీద గట్టిగా బాదితే పొడి అవుతుంది, మనకి పొడి వద్దు, పెచ్చులు కావాలి. సరిగ్గా తగిలితే డొల్ల మోత వస్తుంది, ఆ మోత వచ్చినచోట అడుగు వెడల్పు పెచ్చు ఇనుముని వదిలేసి టార్పాలిన్ మీద పడుతుంది. కింద నీలంగా మెరిసే ఇనుము, నిన్న మిల్లులోంచి వచ్చినట్టు. యాభై ఏళ్లు మట్టిలో ఉన్న పైపది. పూత వేసినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

మొత్తం తీయాలని పట్టుపట్టకు. సుత్తికి రానిచోట గీకుతూ కూర్చుంటే కూలి తినేస్తుంది. చారలు మిగిలితే మిల్లువాడు తరుగు కొద్దిగా ఎక్కువ కోస్తాడు, కోయనీ.

వేసవిలో లాట్ వస్తే? ఆపుకోగలిగితే ఆపుకో, నీడలో పెట్టుకో. ఆగలేకపోతే ట్యాంకులు కడిగే ఏజెన్సీల దగ్గర హైప్రెషర్ వాటర్ జెట్లు ఉంటాయి, వెయ్యి బార్ పైన ఒత్తిడితో కొట్టేవి. తారుని చెక్కేస్తాయి. కానీ ఆ నీళ్లని పట్టి వడగట్టాలి, కాలువలోకి వదలకూడదు. ఆ జెట్ చేతికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, బయటికి చిన్న చిల్లే కనపడుతుంది, లోపల చెయ్యి పాడవుతుంది. అది తెలిసినవాడి పని, కిరాయికి మిషన్ తెచ్చుకుని కుర్రాళ్ల చేతికిచ్చే పని కాదు.

ఇప్పుడు నీ బేరానికి పనికొచ్చే లెక్క ఒకటి. 600 మిల్లీమీటర్ల పైపు, 8 మిల్లీమీటర్ల మందం అనుకో. మీటరుకి ఇనుము దాదాపు 117 కిలోలు. దాని మీద 4 మిల్లీమీటర్ల తారు ఉంటే మీటరుకి పది కిలోల పైచిలుకు. అంటే ఇనుము బరువులో తొమ్మిది శాతం. ఆరు మీటర్ల పైపులు నలభై ఉంటే ఇనుము 28 టన్నులు, తారు రెండున్నర టన్నులు. ధర్మకాంటా మీద రెండున్నర టన్నుల తారుకి కూడా ఇనుము రేటు కట్టి కొంటావు, మళ్లీ దాన్ని వదిలించుకోవడానికి ఎదురు డబ్బులిస్తావు. చిన్న పైపు అయితే ఈ శాతం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే గోడ పల్చన, తారు మందం అంతే. అందుకే లాట్ చూడ్డానికి పోయినప్పుడు టేపుతో పాటు ఒక ఉలి పట్టుకెళ్లు, చివర్న పూత మందం కొలువు. చుట్టు ఉన్న పైపుకి మాత్రం ఉలి పెట్టకు, తెగి ఉన్న అంచు దగ్గర కొలుచుకో.

సీసం రంగు

ఇక్కడ నా సలహా చాలామందికి వింతగా ఉంటుంది: రంగు తీయొద్దు. రంగు పైపు మీద ఉన్నంతసేపు ఎవరినీ ఏమీ అనదు. గ్రైండర్ పెడితే దుమ్ము, గ్యాస్ కటింగ్ టార్చ్ పెడితే పొగ, అప్పుడే ఒంట్లోకి పోతుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, గ్యాస్ కటింగ్ మంట దానికి ఎన్నో రెట్లు వేడి. కోసేవాడి ముఖం ఆ పొగకి మూరెడు దూరంలో ఉంటుంది.

కాబట్టి మొదటి దారి మంట లేకుండా కోయడం. చిన్న పైపులకి హైడ్రాలిక్ షియర్, అలిగేటర్ షియర్ (కత్తెరలా కోసే మిషన్లు) ఉన్న గోదాంకి కిరాయికి పంపితే చప్పున కోసిస్తారు. పెద్దవాటికి నీళ్లు పోస్తూ నడిపే బ్యాండ్ సా. గ్యాస్ తప్పదంటే కోత గీతకి రెండు వైపులా రంగు తీసేయాలి. అమెరికా కార్మిక భద్రత నియమాల్లో మూసి ఉన్న చోట్లకి కనీసం 4 అంగుళాలు అని ఉంటుంది. నేను ఎక్కడైనా జానెడు తీయిస్తా. పొడిగా కాదు, నీళ్లు స్ప్రే చేస్తూ గీకుడు కత్తితో. లేదా రంగు ఊడదీసే పేస్టు రాసి, పైన ప్లాస్టిక్ కప్పి, మెత్తబడ్డాక గీకాలి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న స్ట్రిప్పర్లు గబగబా పనిచేస్తాయి, కానీ గాలాడని చోట ఆ ఆవిరికి మనిషి ప్రాణమే పోతుంది. డబ్బా మీద చదివి కొను.

ఇసుకతో బ్లాస్టింగ్ చేయించే ఆలోచన ఉంటే మానుకో. సీసం దుమ్ముకి ఇసుక దుమ్ము తోడైతే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉచితం.

ఈ జాగ్రత్త నాకు ఎలా వచ్చిందో చెప్తా. నా దగ్గర మంచి గ్యాస్ కట్టర్ ఉండేవాడు, ముప్పై దాటలేదు. ఒక పాత షెడ్డు, దాని పైపు ర్యాకు మూడు నెలలు కోశాడు. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, నీరసం మొదలయ్యాయి. ఒక చోట గ్యాస్ అన్నారు, ఇంకో చోట అల్సర్ అన్నారు, ఎండోస్కోపీ కూడా చేశారు. ఒకరోజు టార్చ్ ఎత్తుతుంటే మణికట్టు నిలబడట్లేదన్నాడు. చివరికి ఒక పెద్ద డాక్టరు మందుల చీటీలు పక్కన పెట్టి, "ఏం పని చేస్తావు నువ్వు?" అని అడిగారు. అంతకుముందు ఎవరూ అడగలేదు. నాక్కూడా తట్టలేదు. రక్తంలో సీసం డెసిలీటరుకి 60 మైక్రోగ్రాములు దాటి వచ్చింది. 5 వస్తేనే ఎక్కణ్ణించి వస్తుందో కనుక్కుని ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పని బట్టలు ఇంట్లోనే ఉతికేవాళ్లు, రెండేళ్ల పాప ఆ చొక్కా పట్టుకుని ఎక్కేది. పాపకీ పరీక్ష చేయించాం, తనకీ ఉంది. పిల్లలకి సీసం మెదడు మీద కొడుతుంది. అతను ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఆటో నడుపుతున్నాడు. టార్చ్ మళ్లీ పట్టలేదు.

అప్పటినుంచి నా సైట్‌లో పని బట్టలు సైట్‌లోనే ఉంటాయి. స్నానం చేసి, వేరే బట్టలేసుకుని ఇంటికి పోవాలి. చేతులు, మూతి కడుక్కోకుండా చాయ్, బీడీ, గుట్కా ఏదీ లేదు. మొదట్లో నవ్వారు.

సాకెట్ ఉన్న పాత పోత ఇనుము పైపులు నీ లాట్‌లో ఉంటే, అతుకుల్లో జనపనార తాడు కూరి పైన సీసం పోసి ఉంటుంది. ఆ సీసానికి మంచి రేటని టార్చ్‌తో కరిగించి తీస్తారు. కరిగించొద్దు. పోత ఇనుము ఎలాగూ పెళుసు, సాకెట్‌ని పెద్ద సుత్తితో పగలగొడితే సీసం ఉంగరంలా ఊడొస్తుంది. అలాగే పాత నీళ్ల లైన్ల లాట్‌లో ఆస్బెస్టాస్ సిమెంట్ పైపులు కలిపి అంటగడతారు. వాటి ఇనుప జాయింట్ల కోసం సిమెంట్ పైపుని పగలగొట్టేవాళ్లని చూశా. బోల్టులు విప్పితే జాయింటు వస్తుంది. బోల్టు తుప్పు పట్టి రాకపోతే ఆ జాయింటుని వదిలెయ్.

జీఐ పైపుల (జింక్ పూత ఉన్నవి) సంగతి త్వరగా చెప్పేస్తా. జింక్ 907 డిగ్రీలకి ఆవిరైపోతుంది, ఉక్కు కరిగేలోపే తెల్ల పొగగా లేస్తుంది. పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మలేరియా అనుకుంటారు. పాలు తాగితే పట్టదని వెల్డర్ల నమ్మకం, సిమెంటు దుమ్ముకి బెల్లం అన్నట్టే. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు తాగితే తాగు, కానీ గాలి వీపు వైపునుంచి వచ్చేలా నిలబడు, లేదా షియర్‌తో కోయించు.

తెల్ల లగ్గింగ్

పాత ఆవిరి లైన్ల మీద తెల్లటి పిండికట్టు అంటే నాకు చదవగానే ఒళ్లు జలదరించింది. అది మెగ్నీషియానో, కాల్షియం సిలికేటో, రాక్‌వూల్ మీద ప్లాస్టరో అయ్యుండొచ్చు. ఆస్బెస్టాసూ అయ్యుండొచ్చు. సిమెంట్ రేకుల కింద అందరం పెరిగాం, ఏమైంది అంటారు. రేకులో నార సిమెంటులో బిగిసి ఉంటుంది. లగ్గింగ్‌ది చేత్తో నలిపితే పిండి అవుతుంది, అదీ తేడా. కంటికి కనపడని నార ఊపిరితిత్తుల్లో గుచ్చుకుని ఉండిపోతుంది. జబ్బు బయటపడేది ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకి. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమలకి ఆదేశమిస్తూ ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డుని పని మొదలైన నాటినుంచి కనీసం 40 ఏళ్లు దాచమంది. అంతకాలం ఎందుకు దాచమన్నారో ఆలోచించు.

రిపోర్టులో ఆస్బెస్టాస్ ఉందని వస్తే అది నీ పని కాదు, నా పనీ కాదు. నేను కూడా తీయను. ఆ పని చేసే ఏజెన్సీలు చుట్టూ ప్లాస్టిక్ కట్టి, లోపలి గాలిని సన్నటి ఫిల్టర్ల గుండా లాగుతూ, తడిపి తీస్తారు. చిన్న లైనుకైతే పైపు చుట్టూ చేతి తొడుగులు అతికించిన పెద్ద ప్లాస్టిక్ సంచి బిగించి, ఆ తొడుగుల్లో చేతులు పెట్టి సంచి లోపలే తీసి, సంచితో సహా మూట కట్టేస్తారు. ఈ ఖర్చు ఫ్యాక్టరీ ఓనరుది. "లగ్గింగ్ తీయించి, తీయించినట్టు కాగితం ఇస్తేనే ఆ పైపులు ఎత్తుతా" అని చెప్పు. ఒప్పుకోకపోతే ఆ పైపులు లాట్‌లోంచి తీసేయమను. మొత్తం తీసుకుంటేనే ఇస్తామంటే లేచి వచ్చెయ్. ఇలా వదులుకున్న లాట్లు నాకు మూడున్నాయి. ఒకటి నాకు తెలిసినవాడే కొని బాగా సంపాదించాడు, అదీ చెప్పాలి కదా.

తీసిన చెత్త ఎక్కడికి

తారు పెచ్చులు, సీసం రంగు గీకుడు, అవి అంటిన టార్పాలిన్లు మామూలు చెత్త కాదు. మూసీ ఒడ్డున పోసే చెత్త అసలే కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందకి వస్తాయి. మన దగ్గర వీటికి దుండిగల్‌లో ఉమ్మడి కేంద్రం ఉంది. అక్కడికి పంపాలంటే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, పంపేటప్పుడు ఫారం 10 మానిఫెస్ట్ (చెత్త ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో రాసే కాగితం) కావాలి. నిల్వ పెట్టుకోగలిగేది మామూలుగా 90 రోజులు. చిన్న గోదాంకి ఈ కాగితాలన్నీ పెద్ద కిరికిరి, ఒప్పుకుంటా. అందుకే నేను చేసే పని: పూత తీసే పని ఫ్యాక్టరీ ఆవరణలోనే పెట్టుకుంటా. చాలా ఫ్యాక్టరీలకి తమ వ్యర్థాల కోసం మండలి అనుమతి ముందే ఉంటుంది, మూతపడ్డా ఆవరణ శుభ్రం చేసి అప్పగించే బాధ్యత పోదు. చెత్త వాళ్ల పేరున దుండిగల్ పోతుంది, నాకు శుభ్రమైన ఇనుము వస్తుంది. బేరంలో ఒక వాక్యం రాయించుకో: పూతలు, లగ్గింగ్, పైపు లోపలి మడ్డి అమ్మేవారి బాధ్యత. లారీ ఖర్చు కూడా మిగులుతుంది, తారుని మోయనక్కర్లేదు కదా.

లోపలి మడ్డి అన్నాను కాబట్టి. పైపు మీద ఏముందో చూసేవాళ్లు లోపల ఏం పారిందో అడగరు. రెండు చివర్లా ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పళ్లెం) మూసి ఉన్న పైపుకి టార్చ్ పెట్టొద్దు. ముందు బోల్టులు విప్పి, ఒక రోజు గాలికి వదిలి, నీళ్లతో కడగాలి. ఆయిల్, గ్యాస్ బావుల దగ్గరనుంచి వచ్చిన పైపులైతే లోపల పేరుకున్న గారలో రేడియోధార్మిక రేడియం ఉండొచ్చు, రేడియేషన్ మీటరు పెట్టించకుండా కొనకు. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్‌లో వేలంలో కొన్న పాత పరికరాన్ని విప్పితే రేడియోధార్మిక కోబాల్ట్-60 బయటపడి ఒక మనిషి చనిపోయాడు. విప్పినవాళ్లకి అదేంటో తెలియదు.

మాస్కు గురించి ఒక్క మాట. దస్తీ, డాక్టర్ల మాస్కు దేనికీ పనికిరావు. రాణీగంజ్ సేఫ్టీ సామాను షాపుల్లో రబ్బరు సగం మాస్కు దొరుకుతుంది. సీసం దుమ్ముకి పీ100 ఫిల్టర్ (సన్నటి దుమ్ముని ఆపేది), తారుకి దానితోపాటు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి (రసాయన ఆవిరిని పట్టేది). గడ్డం ఉంటే అంచు అతకదు, ఎంత ఖరీదైనదైనా పక్కలనుంచి గాలి దూరుతుంది. తారు చేతికంటితే పెట్రోలుతో తుడవకు, అది చర్మంలోకి ఇంకా లోతుగా దిగుతుంది. కొబ్బరినూనె రాసి తుడిచి, సబ్బుతో కడుక్కో. సీసం పని చేసేవాళ్లకి పని మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్త పరీక్ష చేయించు.

ఇక బాబాయి గారి మంట సంగతి. కాల్చితే తారు పోతుంది, నిజమే. రెండున్నర టన్నుల తారు పొగ కాటేదాన్ ఇళ్ల మీదికి పోతుంది, రంగులోని సీసం బూడిదై నీ గోదాం నేలలో ఉండిపోతుంది, ఆస్బెస్టాస్ ఉంటే ఆ మంటకి పోతుందన్న నమ్మకం లేదు, బంధం వదులై ఇంకా తేలిగ్గా లేస్తుంది. పోలీసులు, మండలి లొల్లి సరే. భోయిగూడ స్క్రాప్ గోదాంలో 2022 మార్చి 23 తెల్లవారుజామున మంటలు లేచి, పైన పడుకున్న పదకొండు మంది బీహార్ కూలీలు చనిపోయారు. అక్కడ ఎవరూ పైపులు కాల్చలేదు, కానీ గోదాంలో మంట అంటే ఏంటో ఈ ఊళ్లో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. నీ కుర్రాళ్లు ఎక్కడ పడుకుంటారు?

ముందు చేయాల్సింది: అడ్వాన్స్ ఇవ్వకు. లగ్గింగ్ నుంచి మూడు, తారు చుట్టు నుంచి రెండు శాంపిళ్లు పంపించు. తారు మందం, పైపు సైజులు, ఎన్ని మీటర్లో రాసి పెట్టుకో. రిపోర్టు వచ్చాక ఆ అంకెలు ఇక్కడే పెట్టు, ఏ రేటు దాకా పోవచ్చో లెక్కేసి చెప్తా. ఆ టైర్లని మాత్రం వానలు పడేలోపు అమ్మేయమను బాబాయిని, నీళ్లు నిలిస్తే దోమలు.